నీ డెల్లా, నా మ్యాకా? మీకు తెలుసా!

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్... ఎక్కడ షిఫ్టు వదిలినా చాయ్ బండి దగ్గర ఒక పంచాయితీ మాత్రం తెగదు. "డెల్ తీస్కో అన్నా, గట్టిగుంటది" అంటాడొకడు. "మ్యాక్‌కు వైరస్సే రాదు, తెల్సా?" అంటాడు ఇంకొకడు. "ఎందుకన్నా గన్ని పైసలు? సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారుకు పోయి అసెంబుల్డ్ చేయించుకో" అని మూడోవాడు. ఏది భద్రం? ఏది మన్నిక? ఏది పైసా వసూల్? తీర్పు చెప్పడం మన వల్ల కాదు గానీ, ఆ పంచాయితీలో టక్కున విసరడానికి పనికొచ్చే వింతలు మాత్రం మూటగట్టి తెచ్చాం. పిల్లలూ పెద్దలూ, తలా ఒకటి తీసుకోండి!

తాళం ఎవరిది గట్టిది?

◆ ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను బోల్తా కొట్టించింది! 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌గా వస్తే చాలు, ఆపిల్ ఫోన్లలోనూ మ్యాక్‌లలోనూ ఆ యాప్ కుప్పకూలిపోయేది. మన కంటికి అది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని విడదీత గుర్తు, దీర్ఘం అని అయిదు ముక్కలు. ఆ అయిదింటినీ కలిపి గీయడం దానికి చేతకాలేదు! చివరికి ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి మన అక్షరానికి దండం పెట్టింది.

◆ "ఆపిల్‌కు వైరస్ రాదు" అనేవారికి ఒక చిన్న ప్రశ్న: జనంలోకి పాకిన తొలి వైరస్‌లలో ఒకటి ఏ కంపెనీ యంత్రానికి సోకింది? ఆపిల్‌కే! 1982లో అమెరికాలో 15 ఏళ్ల కుర్రాడు సరదాకి రాసిన ‘ఎల్క్ క్లోనర్’ ఫ్లాపీల ద్వారా ఆపిల్-2లకు పాకి, 50వ సారి ఆన్ చేసినప్పుడు తెర మీద ఒక కవిత చూపించేది.

◆ ఐబీఎం తరహా పీసీలకు తొలి వైరస్ మన పొరుగూరిదే! 1986లో లాహోర్‌కు చెందిన ఇద్దరు అన్నదమ్ములు తయారుచేసిన ‘బ్రెయిన్’లో వాళ్ల పేర్లు, దుకాణం చిరునామా, ఫోన్ నంబర్లు కూడా ఉండేవి. ఇంటి అడ్రసు ఇచ్చి మరీ దొంగతనం చేసినవాళ్లను ఇంకెక్కడైనా చూశారా?

◆ 2012లో ఏకంగా 6 లక్షల మ్యాక్‌లకు ఒకే తెగులు పట్టుకుంది! ‘ఫ్లాష్‌బ్యాక్’ అనే ఆ ట్రోజన్ జావా సాఫ్ట్‌వేర్‌లోని కన్నం గుండా దూరింది. తాళం ఆపిల్‌దే అయినా కిటికీ వేరొకరిది.

◆ ఖాళీ పాస్‌వర్డ్‌తో మ్యాక్ తెరుచుకున్న రోజులున్నాయి! 2017 నవంబరులో హై సియెర్రా వెర్షన్‌లో యూజర్ పేరు ‘రూట్’ అని కొట్టి, పాస్‌వర్డ్ గడి వదిలేసి రెండు మూడుసార్లు క్లిక్ చేస్తే యంత్రం పూర్తిగా మన చేతికి వచ్చేది. లోపం బయటపడిన మర్నాడే ఆపిల్ హడావుడిగా మరమ్మతు పంపింది.

◆ కొత్త ల్యాప్‌టాప్ డబ్బాలోంచి తీస్తూనే కన్నంతో వస్తే? 2014లో లెనోవో కొన్ని మోడళ్లలో ముందే వేసి పంపిన ‘సూపర్‌ఫిష్’ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్, బ్యాంకు సైట్లకు రక్షణ ఇచ్చే తాళం గుర్తునే నమ్మలేని స్థితికి తెచ్చింది. గొడవ ముదిరాక దాన్ని తీసేసే ఉపాయాన్ని కంపెనీయే అందించాల్సి వచ్చింది.

◆ బ్రాండ్ ఏదైనా సరే, 1995 తర్వాత వచ్చిన దాదాపు ప్రతి ఇంటెల్ చిప్‌లోనూ ఒకే లోపం దాక్కుంది! 2018 జనవరిలో బయటపడిన ‘మెల్ట్‌డౌన్’ అది. పని తొందరగా అవ్వాలని చిప్ ముందే ఊహించి లెక్కలు వేసే తెలివితేటలే దొంగకు దారి చూపించాయి. డెల్, హెచ్‌పీ, ఆపిల్ అన్నీ ఆ రోజు ఒకే బల్ల మీద కూర్చున్నాయి.

◆ లైనక్స్‌ను కాపాడింది మైక్రోసాఫ్ట్ ఉద్యోగి అంటే నమ్ముతారా? 2024లో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఒక ఇంజినీరుకు అనుమానం వచ్చింది. తవ్వుకుంటూ పోతే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న ఉపకరణంలో ఎవరో ఎన్నో నెలలు నమ్మకంగా మెలిగి పెట్టిన దొంగ తలుపు బయటపడింది. అర సెకనే కదా అని ఆయన ఊరుకుని ఉంటే!

◆ కాపలాదారే కాలు అడ్డం పెట్టిన రోజు 2024 జులై 19! క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర చూపించాయి. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే విమానానికి పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాసు దేశమంతా ఫొటోగా తిరిగింది. మ్యాక్‌లు, లైనక్స్‌లు మాత్రం చేతులు కట్టుకుని చూశాయి.

◆ అయినా 85 లక్షలంటే ఎంతనుకుంటున్నారు? ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో ఒక్క శాతం కూడా కాదని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది! ఆ ఒక్క శాతమే విమానాశ్రయాల్లోనూ ఆసుపత్రుల్లోనూ బ్యాంకుల్లోనూ ఉండటంతో వంద శాతంలా వినిపించింది.

◆ ప్రపంచాన్ని గడగడలాడించిన వైరస్‌ను ఆపడానికి అయిన ఖర్చు 10.69 డాలర్లు, అంటే అప్పట్లో 700 రూపాయల లోపు! 2017 మేలో ‘వానాక్రై’ 150 దేశాలకు పాకినప్పుడు, ఎవరూ కొనని ఒక వెబ్‌సైటు పేరు కోసం అది మాటిమాటికీ వెతుకుతోందని బ్రిటన్ యువకుడొకరు గమనించాడు. ఆ పేరు కొనేయగానే వ్యాప్తి ఆగిపోయింది.

◆ ఆ వానాక్రై పోలీసులనూ వదల్లేదు! ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు దానికి చిక్కాయి. దెబ్బ తిన్నవన్నీ విండోస్‌వే. పోలీసు కంప్యూటర్‌ను బందీ చేసి డబ్బు అడిగిన దొంగ ధైర్యం చూడండి!

◆ వైరస్ అంతరిక్షానికీ ఎక్కింది! 2008లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని ల్యాప్‌టాప్‌లో ఒక పురుగును నాసా పట్టుకుంది. అది వెతికేది ఏ రహస్యాలనో కాదు, ఆన్‌లైన్ వీడియో గేముల పాస్‌వర్డ్‌లను! 2013లో అక్కడి ల్యాప్‌టాప్‌లను విండోస్ ఎక్స్‌పీ నుంచి లైనక్స్‌లోకి మార్చారు.

◆ 2023లో మన రక్షణ శాఖ ఇంటర్నెట్ తగిలే కంప్యూటర్లలో విండోస్‌ను తీసేసి ‘మాయ’ను పెట్టాలని నిర్ణయించింది. ఉబుంటు లైనక్స్ పునాది మీద మన దేశంలోనే తయారైన ఈ సాఫ్ట్‌వేర్ పైకి చూడటానికి విండోస్‌లాగే ఉంటుందట. పేరుకు తగ్గట్టే మాయ!

మన గేటు లోపలి ముచ్చట్లు

◆ ఫ్యాక్టరీలో అసలు కంప్యూటర్‌కు తెరా ఉండదు, కీబోర్డూ ఉండదు! మోటారు, వాల్వు, కన్వేయర్లను నడిపేది ప్యానెల్ లోపల రైలు పట్టీ మీద బిగించిన పీఎల్‌సీ. ఇక్కడి పంచాయితీ డెల్లా హెచ్‌పీయా అని కాదు, సీమెన్స్‌నా, అలెన్ బ్రాడ్లీనా, మిత్సుబిషినా అని!

◆ తొలి పీఎల్‌సీల్లో ఒకటైన దాని పేరు ‘మోడికాన్ 084’. ఎందుకో ఊహించగలరా? దాన్ని తయారుచేసిన అమెరికాలోని చిన్న కంపెనీకి అది 84వ ప్రాజెక్టు, అంతే! 1969 నాటి ఆ పెట్టె, కార్ల కర్మాగారాల్లో గోడల నిండా ఉండే రిలేలను ఇంటికి పంపింది.

◆ పెన్‌డ్రైవ్‌లో వచ్చి ఫ్యాక్టరీ యంత్రాలనే పాడుచేసిన వైరస్ ఉంది! 2010లో బయటపడిన ‘స్టక్స్‌నెట్’ విండోస్ గుండా దూరి, ఇరాన్ అణు కర్మాగారంలోని సీమెన్స్ పీఎల్‌సీలను తప్పుదోవ పట్టించింది. అది సోకిన కంప్యూటర్లను సిమాంటెక్ లెక్కపెడితే ఇరాన్, ఇండొనేసియాల తర్వాత మూడో స్థానం ఎవరిదో తెలుసా? మనదే!

◆ బొల్లారంలో ప్లాంట్లున్న డాక్టర్ రెడ్డీస్ 2020 అక్టోబరులో తన డేటా సెంటర్లన్నింటినీ తానే విడదీసి పక్కన పెట్టింది! ర్యాన్సమ్‌వేర్ దాడి జరగడంతో తెగులు పాకకుండా చేసిన పని అది. స్పుత్నిక్-వి టీకా పరీక్షలకు మన దేశంలో అనుమతి వచ్చిన కొద్ది రోజులకే ఈ దాడి జరిగింది!

◆ మందుల కంపెనీ ల్యాబులో కంప్యూటర్ గడియారం మార్చే హక్కు కెమిస్టుకు ఉండకూడదు! అమెరికాకు మందులు పంపాలంటే 1997లో వచ్చిన ‘పార్ట్ 11’ నియమం పాటించాలి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో దానంతట అదే రాసుకునే ఆడిట్ ట్రయల్ ఉండి తీరాలి. సమయమే మార్చేస్తే ఆ చిట్టా మొత్తం చెల్లని కాగితమే కదా!

◆ అదే నియమం ప్రకారం మీ ఎలక్ట్రానిక్ సంతకం మీరు ఉద్యోగం మానేసినా ఇంకొకరికి ఇవ్వకూడదు! ఐడీ కార్డు, లాకరు, కుర్చీ కొత్తవాడికి పోతాయి గానీ ఆ సంతకం మాత్రం ఎప్పటికీ మీదే.

◆ లక్షల ఖరీదు చేసే హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబు యంత్రం పక్కన ఒక ముసలి కంప్యూటర్ కూర్చుని ఉంటే నవ్వకండి! పాత యంత్రాల సాఫ్ట్‌వేర్ ఆ కాలపు విండోస్ మీదే నడుస్తుంది. అందుకే నెట్‌వర్క్ వైరు పీకేసి, దాన్ని బయటి గాలి తగలకుండా కాపాడుకుంటారు.

◆ విండోస్ ఎక్స్‌పీ చనిపోయాక కూడా మందు పోయించుకుంది! 2001లో పుట్టిన ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న సేవలు ఆపేసిన మైక్రోసాఫ్ట్, మూడేళ్ల తర్వాత వానాక్రై దెబ్బకు మళ్లీ ఉచితంగా మరమ్మతు పంపింది. అప్పటికీ ఎన్నో యంత్రాలు దాన్నే పట్టుకుని వేలాడుతున్నాయి మరి!

◆ ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె నిప్పును లోపలికి రానివ్వదని అనుకుంటున్నారా? తిరగేసి చెప్పారు! సాల్వెంట్ ఆవిరి ఉండే చోట కంప్యూటర్ తెరను దిట్టమైన లోహపు పెట్టెలో బిగిస్తారు. ఆవిరి లోపలికి పోవచ్చు, అక్కడ పేలనూవచ్చు. ఆ మంట బయటకు రాకుండా లోపలే చల్లార్చడమే ఆ పెట్టె పని. అందుకే అన్ని బోల్టులు! ఒక్క బోల్టు వదులైనా అది ఉత్త డబ్బాయే.

◆ గాలి కూడా కంప్యూటర్‌ను తింటుంది! గంధకం కలిసిన వాయువులు సర్క్యూట్ బోర్డు మీది రాగిని, వెండిని కొరుక్కుతింటాయి. అందుకే కంట్రోల్ రూమ్ గాలికి కూడా మార్కులేస్తారు: చిన్న రాగి రేకు పెట్టి చూస్తే నెలకు 300 ఆంగ్‌స్ట్రామ్‌ల కన్నా తక్కువ తుప్పు పడితేనే ‘జీ1’ ర్యాంకు. అది తల వెంట్రుక మందంలో రెండు వేలవ వంతు కూడా ఉండదు!

◆ పటాన్‌చెరు-బొల్లారం కాలుష్యం విషయంలో జాతీయ జాబితాకే ఎక్కింది! 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన 43 అతి కలుషిత పారిశ్రామిక ప్రాంతాల్లో ఇదొకటి. బ్రాండ్ చూసే ముందు కంప్యూటర్‌ను పెట్టే గది కిటికీ చూడాలేమో!

◆ భూమ్మీది 800 కోట్ల మంది సెకనుకో లెక్క చొప్పున 29 గంటలు చేసేదాన్ని కందిలో ఒక యంత్రం ఒక్క సెకనులో చేసేస్తుంది! సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న ‘పరమ్ సేవ’ సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు.

◆ ఆ ఐఐటీ మొదట ఎక్కడ పుట్టిందో తెలుసా? సైన్యానికి యుద్ధ వాహనాలు తయారుచేసే ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో! 2008లో అక్కడి తాత్కాలిక భవనాల్లో మొదలై తర్వాత కందికి మారింది.

◆ ప్రపంచంలోని 500 అతి వేగవంతమైన కంప్యూటర్లలో విండోస్ ఎన్నింటిలో ఉంది? సున్నా! మ్యాక్? అదీ సున్నా! 2017 నవంబరు నుంచి ఆ జాబితాలోని 500కు 500 లైనక్స్‌వే.

సరుకు మన్నికా, ఉత్త డాబా?

◆ డెల్, హెచ్‌పీ, ఆపిల్ ల్యాప్‌టాప్‌లు ఒకే కంపెనీ చేతుల మీదుగా వస్తాయంటే పంచాయితీ ఏమవుతుంది? తైవాన్‌కు చెందిన క్వాంటా ఈ మూడింటికీ యంత్రాలు తయారుచేసి పెట్టింది. ప్రపంచంలో చాలా బ్రాండ్ల ల్యాప్‌టాప్‌లు క్వాంటా, కంపాల్ వంటి నాలుగైదు తైవాన్ సంస్థల నుంచే వస్తాయి. పేరు ఒకరిది, పని ఒకరిది!

◆ ‘మిలిటరీ గ్రేడ్’ అని డబ్బా మీద రాసుంటే ఏ సైన్యమూ ముద్ర వేసినట్టు కాదు! ‘మిల్-స్టాండర్డ్-810’ అనేది పరీక్షలు ఎలా చేయాలో చెప్పే అమెరికా పుస్తకం. దాని ప్రకారం పరీక్ష చేసుకునేది కంపెనీయే.

◆ ఆ పుస్తకంలోని కింద పడేసే పరీక్షలో సరిగ్గా 26 సార్లు పడేయాలి. 25 కాదు, 30 కాదు, 26 ఎందుకు? పెట్టెకు ముఖాలు 6, అంచులు 12, మూలలు 8, కూడి చూడండి! ఇంకో తమాషా: ఆ 26 దెబ్బలనూ అయిదు యంత్రాలకు పంచిపెట్టవచ్చు.

◆ థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌ను బోర్లించి చూడండి, చాలా మోడళ్లకు అడుగున చిన్న కన్నాలుంటాయి! అవి గాలికి కాదు. కీబోర్డు మీద చాయ్ ఒలికితే లోపలి బోర్డును తాకకుండా కిందికి కారిపోవడానికి వేసిన తూములు. పటాన్‌చెరు చాయ్ బండి దగ్గర ఇంతకన్నా పనికొచ్చే సదుపాయం ఏముంది!

◆ ఒకే హార్డ్ డిస్క్, విండోస్‌లో 931 జీబీ, మ్యాక్‌లో 1000 జీబీ! ఒక టెరాబైట్ డిస్క్‌ను విండోస్ 1024 లెక్కన, మ్యాక్ 1000 లెక్కన కొలవడమే ఈ తేడాకు కారణం. దుకాణదారు మోసం చేశాడని కొట్లాడినవాళ్లూ ఉండే ఉంటారు, తప్పు తూకంరాయిది!

◆ ఒకటిని ఇంకోదాంతో భాగించడం రాని చిప్ వల్ల ఇంటెల్‌కు 47.5 కోట్ల డాలర్లు పోయాయి! 1994లో పెంటియమ్ చిప్ 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాల్సింది పోయి 1.33374 చెప్పేది. ఆ చిన్న తప్పును పట్టుకున్నది ఒక గణితం మాస్టారు!

◆ బిల్ గేట్స్ కళ్లెదుటే విండోస్ కూలిపోయింది! 1998 ఏప్రిల్‌లో వేదిక మీద విండోస్ 98 గొప్పలు చూపిస్తూ సహాయకుడు స్కానర్ తగిలించాడు, తెర నీలంగా మారింది. "అందుకే ఇంకా అమ్మకానికి పెట్టలేదు" అన్న అర్థంలో గేట్స్ నవ్వేశాడు. జనమూ నవ్వారు.

◆ వంద హార్డ్ డిస్కుల్లో ఏడాదికి ఎన్ని పోతాయి? బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ తన దగ్గరున్న లక్షల డిస్కుల చావు లెక్కలను బ్రాండ్ల వారీగా బయటపెడుతుంది. 2023లో ఆ సగటు 1.40 శాతం. తక్కువే కదా అనిపిస్తుంది. పోయేది మీదైతే మాత్రం నూటికి నూరు!

◆ మీ ల్యాప్‌టాప్ చార్జర్‌ను ఒకసారి తిప్పి చూడండి, ‘ఆర్’ అనే అక్షరం, పక్కన ఎనిమిది అంకెలు ఉన్నాయా? మన దేశంలో అమ్మే చార్జర్‌కు బీఐఎస్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అది. బ్రాండ్ లోగో అచ్చు గుద్దడం ఏ నకిలీగాడికైనా వచ్చు. ఆ నంబరును మాత్రం మీరే సరిచూసుకోవచ్చు.

◆ అసెంబుల్డ్ కంప్యూటర్ పెట్టెలో ‘గోల్డ్’ ఉందంటే తవ్వుకోకండి! పవర్ సప్లై మీద ఉండే ‘80 ప్లస్ గోల్డ్’ ముద్రకు అర్థం, సగం భారం మీద నడిచేటప్పుడు వంద వాట్లు తీసుకుంటే కనీసం 90 కంప్యూటర్‌కు ఇస్తుందని. మిగిలింది గదిని వేడెక్కిస్తుంది, అంతే!

పెట్టిన పైసకు...

◆ ఆపిల్ తొలి కంప్యూటర్ ధర 666.66 డాలర్లు! ఒకే అంకె మళ్లీ మళ్లీ రావడం దాన్ని తయారుచేసిన వోజ్నియాక్‌కు సరదా. 1976 నాటి ఆ ‘ఆపిల్-1’ ఒకటి 2014 వేలంలో 9,05,000 డాలర్లు పలికింది. కొన్న ధరకు 1,357 రెట్లు! మూలన పడేసిన పాత సిస్టమ్‌ను తుక్కుకు వేసే ముందు ఒక్కసారి ఆలోచించండి.

◆ ఆపిల్ మునిగిపోకుండా చెయ్యి అందించింది ఎవరు? మైక్రోసాఫ్ట్! 1997 ఆగస్టులో 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టింది. ఆ కబురు చెప్పడానికి సభలో పెద్ద తెర మీద బిల్ గేట్స్ కనిపించగానే ఆపిల్ అభిమానులు ఈలలేసి గోల చేశారు. సాయం చేసినవాడికే శాపనార్థాలు!

◆ బొమ్మా బొరుసుతో పెట్టిన కంపెనీ పేరు ఏది? హెచ్‌పీ! 1939లో 538 డాలర్లతో కారు షెడ్డులో మొదలుపెట్టిన హ్యూలెట్, ప్యాకార్డ్ ఎవరి పేరు ముందుండాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. ఇంకో వైపు పడి ఉంటే ఇవాళ ‘పీహెచ్’ ప్రింటర్లు కొనేవాళ్లం!

◆ 98! 1971 నుంచి 1978 దాకా హైదరాబాద్ ఈసీఐఎల్ అమ్మిన కంప్యూటర్ల లెక్క అది, ఎనిమిదేళ్లకు! ‘టీడీసీ-12’తో మొదలైన ఆ స్వదేశీ యంత్రాలు ఎక్కువగా ప్రభుత్వ ప్రయోగశాలలకు, విశ్వవిద్యాలయాలకు వెళ్లాయి.

◆ పాత సరుకు అంటగట్టారన్న గొడవ కొత్తది కాదు! అమెరికాలో వాడి పక్కన పెట్టిన 1401 యంత్రాలను బాగుచేసి ఐబీఎం మన దగ్గర అద్దెకు తిప్పుతోందని అప్పట్లో పెద్ద ఫిర్యాదు. వాటాల పంచాయితీ కూడా తోడై 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లింది. అది వదిలిన యంత్రాలను బాగుచేసే పని ప్రభుత్వ సంస్థ సీఎంసీ చేతికి వచ్చింది.

◆ ప్రపంచంలోనే అతి చవక ట్యాబ్లెట్‌గా పేరు మోసిన ‘ఆకాశ్’ను హైదరాబాద్‌లో కూర్చారు! 2011లో విద్యార్థుల కోసం వచ్చిన దానికి సర్కారు పెట్టిన ధర సుమారు 2,250 రూపాయలు, ప్రాసెసర్ వేగం 366 మెగాహెర్ట్జ్. చవక బేరమే, వేలు పెట్టి తెర జరిపినవాళ్లకు ఓపిక మాత్రం ఖరీదైంది!

◆ రాత్రికి రాత్రి ల్యాప్‌టాప్‌కు లైసెన్స్ కావాలన్నారు! 2023 ఆగస్టు 3న దిగుమతులపై కేంద్రం పెట్టిన ఆ షరతును మర్నాడే నవంబరు దాకా వాయిదా వేశారు. ఆ ఒక్క రోజులో ఎన్ని దుకాణాల్లో గుండెలు దడదడలాడాయో!

◆ పెద్ద ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ 99 పాయింట్ ఎంతో దగ్గర ఎందుకు ఆగిపోతుంది? విమానంలో అనుమతి అడగకుండా తీసుకెళ్లే బ్యాటరీకి హద్దు 100 వాట్-అవర్లు. అందుకే 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో 99.6 దగ్గర బుద్ధిగా గీత గీసుకుంది!

◆ మైక్రోసాఫ్ట్ అధిపతి, అడోబీ పగ్గాలు 2007లో అందుకున్న పెద్దాయన చదివింది ఒకే బడిలో! సత్య నాదెళ్ల, శంతను నారాయణ్ ఇద్దరూ బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ విద్యార్థులే. ఏ బ్రాండ్ గెలిచినా ఈలలు వేయడానికి మనకు హక్కుంది!

◆ ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చిన ఊరు మనదే! 2019లో నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది పోటీ చేశారు, వారిలో ఎక్కువ మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. పాత మోడల్ ఈవీఎం 64 పేర్లకే చేతులెత్తేస్తుంది కాబట్టి కొత్త ‘ఎం3’ మోడల్‌ను దింపారు.

◆ మైక్రోసాఫ్ట్ కృత్రిమ మేధ, 175 మంది రైతులు, మామూలు బటన్ ఫోన్! 2016లో పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌తో కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఎప్పుడు విత్తాలో తెలుగు ఎస్సెమ్మెస్‌లో చెప్పారు. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ఆ రెండు సంస్థలూ ప్రకటించాయి. రైతు జేబులో ఏ బ్రాండ్ ఫోనుందని ఎవరూ అడగలేదు!

◆ పటాన్‌చెరు జొన్నకు ఉత్తర ధ్రువం దగ్గర బ్యాకప్ ఉంది! ఇక్రిశాట్ విత్తన బ్యాంకులోని జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ రకాల్లో లక్షకు పైగా నమూనాలకు రెండో కాపీ నార్వేలోని స్వాల్‌బార్డ్ కొండ లోపల మైనస్ 18 డిగ్రీల చలిలో భద్రంగా ఉంది. ఇక్కడ ఏమైనా అయితే అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. డెల్ అయినా, మ్యాక్ అయినా, సీటీసీ అసెంబుల్డ్ అయినా ఏదో ఒక రోజు పోయేదే. జొన్న గింజకే రెండో కాపీ ఉంది... మరి మీ పెళ్లి ఫొటోలకు?